ఏడు నిమిషాల కస్టమర్

“ముందు ఈ కాల్ వినండి. తర్వాత ఈ కస్టమర్ ఎలాంటి మనిషో ఒక పేజీ రాయండి. ఇరవై మార్కులు,” అన్నాడు తెర మీద లెక్చరర్.

ఆదివారం ఉదయం. మార్కెటింగ్ మేనేజ్‌మెంట్ ఆన్‌లైన్ పీజీ క్లాసు. ముప్ఫై ఆరు గళ్లలో ముప్ఫై ఆరు మొహాలు. సగం మొహాలకు ఇంకా నిద్ర వదల్లేదు.

రికార్డింగ్ మొదలైంది. పరుపుల కంపెనీ తరఫున ఒక అమ్మాయి ఎవరికో ఫోన్ చేసింది. పేరూ నంబరూ చెరిపేశారు. గొంతులు మాత్రం ఉన్నాయి.

“సార్, మా కొత్త పరుపుల మీద ఆఫర్...”

“పరుపులా?” అన్నాడతను. అరవలేదు, విసుక్కోలేదు. నింపాదిగా, ముద్దుగా అడిగాడు. “నువ్వెలాంటి దాని మీద పడుకుంటావమ్మా?”

అక్కణ్ణుంచి ఏడు నిమిషాలు. ఆ అమ్మాయి ధర చెబుతుంటే వయసు అడిగాడు. గ్యారంటీ చెబుతుంటే ఏం కట్టుకున్నావన్నాడు. ఆ తర్వాత అన్నవి కాగితం మీద పెట్టేవి కావు. ఫోన్ పెట్టేస్తే ఉద్యోగం ఊడుతుంది కాబట్టి ఆ పిల్ల “సార్... సార్...” అంటూనే ఉంది. మధ్యమధ్యలో “తప్పుగా అనుకోకమ్మా” అనడం ఒకటి!

కింది వరసలో ఒక గడి ఉన్నట్టుండి నల్లబడింది. అందులో ఉన్నామె కెమెరా ఆపేసి వాష్ బేసిన్ దగ్గరకు పరిగెత్తింది.

ఆమె చేసేదీ టెలీకాలర్ ఉద్యోగమే. రోజుకు ఎనభై కాల్స్. ఓ వారం పరుపులు, ఓ వారం ఇన్సూరెన్స్. ఈ పీజీ పూర్తి చేస్తే టీమ్ లీడర్‌ని చేస్తామన్నారు. ఇక హెడ్‌సెట్ పెట్టుకోనక్కర్లేదు, ఎవడి మాటా పడనక్కర్లేదు. అందుకే ఇంటిల్లిపాదీ ఆ చదువు తమదే అన్నట్టు చూసుకుంటున్నారు. క్లాసు టైముకి అమ్మ మిక్సీ వెయ్యదు. నాన్న తన టేబుల్ ఖాళీ చేసిచ్చాడు. తమ్ముడు టీవీ జోలికి పోడు. అయినా ఈ పేపరు ఒకసారి తప్పింది. ఈ ఇరవై మార్కులు రాకపోతే మళ్లీ తప్పుతుంది, ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది.

మొహం కడుక్కొని వచ్చేసరికి చాట్ నిండా నవ్వు బొమ్మలు. “మొనగాడే!” అని ఎవడో పెట్టాడు. ఛీ, పీజీ చదివే మొహాలు ఇవి.

“మీ కోపాలు పక్కన పెట్టండి,” అన్నాడు లెక్చరర్ చల్లగా. “ఏడు నిమిషాలు లైన్లో ఉన్నాడు. రేపు కూడా చెయ్యమన్నాడు. మన సబ్జెక్టులో దీన్ని ఆసక్తి అంటారు.”

ఆ వారమంతా ఆమెకు ముద్ద దిగలేదు.

“ఏమైందే? అన్నం ఊరికే కెలుకుతున్నావ్,” అంది అమ్మ.

“చదువు ఒత్తిడిలే. దాన్ని విసిగించకు,” అన్నాడు నాన్న.

ఆమె కంచం సింకులో పడేసి గదిలోకి వెళ్లిపోయింది.

మళ్లీ ఆదివారం. లెక్చరర్ పేజీలన్నీ చదివాడు. అందరిదీ ఒకటే పాట. కస్టమర్ తాగుబోతు, పనీపాటా లేనివాడు, చదువు అబ్బనివాడు, పెళ్లి కానివాడు.

“చెప్పు తెగేలా కొట్టాలి సార్ వెధవని,” అంది క్లాసులోనే ఉన్న మందుల షాపావిడ.

ఆమె పేజీ ఒక్కటే వేరుగా ఉంది. “ఈయన తాగడు. యాభై దాటాయి. మంచి ఉద్యోగం. ఆఫీసులో ఆడవాళ్లని ‘గారు’ అనకుండా పిలవడు. బస్సులో ముసలివాళ్లకి లేచి సీటిస్తాడు. గొంతు పెంచడం తెలీదు. వీధిలో అందరికీ పెద్దమనిషి. ఈయన ఇలా మాట్లాడాడంటే, చెప్పినవాళ్లనే తప్పు పడతారు. ఈయనకి పరుపు అక్కర్లేదు. కంపెనీ ఈయన్ని వదులుకోవాలి.”

“సినిమా కథ!” అని ఎవరో నవ్వారు.

“ఇవన్నీ మీకెలా తెలుసు? ఊహించి రాస్తే సున్నా వేస్తా,” అన్నాడు లెక్చరర్.

క్లాసయ్యాక లెక్చరరే ఆమెకు ఫోన్ చేశాడు. “ఆ కాల్‌లో అమ్మాయి మీరే కదూ? తర్వాతి కాల్స్‌లో ఆయన తన గురించి చెప్పుకొని ఉంటాడు. ఆధారం అన్న గడిలో ఆ ఒక్క ముక్క రాసెయ్యండి, ఇరవైకి ఇరవై వేస్తా. నేను తప్ప ఎవరూ చూడరు. రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా టైముంది.”

“రాయకపోతే?”

“సున్నాయే మరి.”

ఆఫీసులో పక్క సీటు స్నేహితురాలు ఈ సంగతి ఎక్కడ పసిగట్టిందో గానీ, సోమవారం రాగానే పట్టుకుంది. “పిచ్చిదానా, సిగ్గుపడాల్సింది వాడు. నువ్వెందుకు దాస్తావ్? ఆ దరిద్రుడి కోసం కుర్చీ వదులుకుంటావా?”

ఆమె రెండుసార్లు ఆ పేజీ తెరిచింది, రెండుసార్లూ మూసేసింది. చెవిలో ఎవరో కస్టమర్ “హలో, ఉన్నారా?” అంటున్నాడు. జీవితంలో మొదటిసారి కాల్ మధ్యలో పెట్టేసింది.

పన్నెండుకు నాలుగు నిమిషాలుందనగా, ఆధారం అన్న గడిలో ఇలా రాసి పంపింది: “కాల్‌లో మాట్లాడిన అమ్మాయిని నేను కాదు సార్, ఆ కస్టమర్ కూతుర్ని.”