ఉమ్మడివి కొట్టేశాక

“పైవాటా. రెండింటికీ అదే. కొట్టెయ్,” అన్నాడు భర్త, రెప్పలు బరువెక్కుతుంటే.

ఆమె కుట్టుమిషను మీద కాగితం పరిచి, ఆ మాటను రెండు వరసల్లోనూ కొట్టేసింది. కింద వెల్డింగు షాపు మోత చెవులు చిల్లులు పడేలా ఉంది. రాత్రంతా మిల్లులో డ్యూటీ చేసి వచ్చే మనిషికి పగలు కన్నంటుకుని నెల దాటింది. పోయిన వారం మిల్లులో తూలితే చొక్కా చెయ్యి చక్రంలో ఇరుక్కుంది. వేళ్లు దక్కాయి. అప్పటినుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

అద్దె ఇళ్లు చూపించే బ్రోకర్లు ఇద్దరు. ఒకాయన సన్నం, ఒకాయన లావు. మాట ఖాయమయ్యేదాకా ఇద్దరూ ఇంటి ఆచూకీ చెప్పరు. చెబితే జనం నేరుగా ఇంటాయన దగ్గరికే పోతారని భయం. అందుకే వాళ్లు చెప్పినవన్నీ రాసుకుని, ఉమ్మడివి కొట్టేసి, మిగిలినవాటితో తేల్చుకుందామని ఆమే అంది. రెండు బట్టల్లో ఒకటి ఎంచాలన్నా ఆమెది ఇదే పద్ధతి.

రెండు గదులు పోయాయి. నీళ్లు పోయాయి. ఇంటాయన రిటైరైన పంతులుగారనీ, కిందే ఉంటారనీ ఇద్దరూ చెప్పారు.

“అద్దె ఆలస్యమైతే ఎక్కడైనా గుంజీలు తప్పవన్నమాట. కొట్టెయ్.”

చివరికి లావాయన వరసలో మిగిలినవి రెండే: బస్సు దగ్గర, వెనకే బడి. సన్నాయన వరసలోనూ రెండే: గాలి ధారాళం, వీధిలో అలికిడి ఉండదు.

“బడి పక్కన మీకు నిద్రేం పడుతుంది?” అంటూ ఆమె లావాయనకు అప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పేసింది. ఇంకోసారి ఆలోచించుకోమని ఆయన బతిమాలినా వినలేదు.

ఆదివారం సన్నాయన వెంట వెళ్లారు. వీధి సద్దుమణిగి ఉంది. వెనక కిటికీ తీస్తే ప్రహరీ అవతల పెద్ద మైదానం, నరపురుగు కూడా లేదు. ఆమె అలమర తలుపులు తీసి చూసేలోగానే భర్త గచ్చుమీద ఒరిగి గురక పెట్టేశాడు. ఆ గురక వింటూ ఆమె కాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత గబగబా మెట్లు దిగి పంతులుగారి చేతిలో అడ్వాన్సు పెట్టింది.

మిల్లులో రాత్రి డ్యూటీ చేసేది మీ ఆయనేనా అని అడిగారాయన. లావుపాటి బ్రోకరు మొన్ననే వీళ్ల గురించి చెప్పాడట.

“ఆయన చెప్పింది వేరే ఇల్లండీ. అది వద్దనేశాం,” అంది ఆమె.

పంతులుగారు రసీదు రాస్తూ తలెత్తారు.

“నేను అద్దెకిచ్చేది ఈ ఒక్క వాటానే తల్లీ.”