గ్రైండర్ చాటున ఇంజన్

పెట్రోలు ఇంజన్లను నిషేధించాక వీధి దీపాలకు చెవులు వచ్చాయి. ఇంజన్ చప్పుడు వాటి చెవిన పడితే బండి తుక్కుకి పోతుంది. అందుకే నీలవేణి షెడ్డులో తన పాత స్పోర్ట్స్ కారు కార్బురేటర్ సరిచేసేటప్పుడల్లా భర్త ఫణీంద్ర పక్కనే గ్రైండర్ వేసి ఇడ్లీ పిండి రుబ్బుతాడు.

ఈరోజు ఇంజన్ అందుకోగానే గ్రైండర్ బెల్టు తెగింది.

"ఆపెయ్ వేణీ."

"ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది. ఆపితే మళ్లీ మొదటికొస్తుంది."

గేటు ముందు దీపం ఎర్రబడసాగింది. ఫణీంద్ర తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

అంతలో పక్కింట్లో మిక్సీ మోగింది. ఆ వెంటనే ఎదురింట్లో మరొకటి. దీపం మెల్లగా తెల్లబడింది.

గోడ మీంచి పక్కింటి కాసులమ్మ తొంగిచూసింది.

"ఇద్దరు మనుషులకి రోజూ అంత పిండి దేనికో వీధంతటికీ తెలుసమ్మా. ఇంజన్ ఇంకా మిస్సింగ్ కొడుతోంది, ఆ కార్బురేటర్ స్క్రూ కాస్త తిప్పు."