హార్మోనియం దొంగ

"దొంగ ఎవరు?"

కానిస్టేబుల్ వేషంలో ఉన్న గుండయ్య నాలుగోసారి అడిగాడు.

"ముసలవ్వ!" అని అరిచారు జనం.

తెర వెనక కృష్ణయ్య తల పట్టుకున్నాడు.

బహదూర్‌పురాలో ఆ రేకుల షెడ్డు కిక్కిరిసి ఉంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలైన నాటకం. గంటన్నరలో అయిపోవాలి. ఐదున్నర దాటింది.

కృష్ణయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. యూనియన్ నాటక మండలికి పాటలు కట్టేదీ, హార్మోనియం వాయించేదీ, ఆడించేదీ ఆయనే. ఎమర్జెన్సీ వచ్చాక యూనియన్ ఆఫీసుకు తాళం పడింది. పద్నాలుగు మంది నటుల్లో ఐదుగురు మిగిలారు. మిగతావాళ్ళ గురించి బస్తీలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. గేటు మీటింగుల్లో పాడే పాటలు రాసిన చేత్తోనే ఆయన ఈసారి ఉత్త నవ్వుల నాటకం రాశాడు. ఏడాది తర్వాత ముఖానికి రంగు వేసుకోవడం ఇదే మొదటిసారి. ఇది కూడా పోతే మండలి ఇక లేనట్టే.

కథ చిన్నది. ఒక సేటు ఇంట్లో హార్మోనియం పోయింది. వంటామె, ముసలవ్వ, బావమరిది, చివరికి సేటు మీద కూడా అనుమానం. దొంగ ఎవరో కానిస్టేబుల్ జనాన్నే అడుగుతాడు. జనం ఎవరి పేరు చెబితే వాళ్ళు ముందుకొచ్చి, నేను కాదు మొర్రో అని పాట పాడాలి. అసలు దొంగ పేరు చెప్పారా, వాడు సేటు కాళ్ళ మీద పడతాడు. నాటకం ఖతం.

దొంగను పెద్దగా దాచింది కూడా లేదు. బావమరిది వేషం వేసిన ఓదెలు పొట్ట అంగీ కింద పెట్టెలాగా పొడుచుకొచ్చి ఉంటుంది. వాడు కూర్చున్నప్పుడల్లా తెర వెనక కృష్ణయ్య హార్మోనియాన్ని 'కుయ్'మనిపిస్తాడు. చంటిపిల్లలకైనా తెలిసిపోతుంది.

అయినా జనం ముందు వంటామె అన్నారు. తర్వాత ముసలవ్వ అన్నారు. తర్వాత సేటే అన్నారు. ఇప్పుడు మళ్ళీ ముసలవ్వ. కళ్ళు కనబడని ముసలవ్వ!

ముసలవ్వ మళ్ళీ పాడింది. ఓదెలు కూర్చున్నాడు. 'కుయ్'మంది. జనం నవ్వారు. మరీ గట్టిగా నవ్వారు. అది తన నాటకాన్ని చూసి నవ్వినట్టు లేదు కృష్ణయ్యకు, తనను చూసి నవ్వినట్టుంది.

ఓదెలు నీళ్ళ కోసం తెర వెనక్కి వచ్చాడు.

"ఏందిర గిది? జనానికి సమజే అయితలేదా?" అన్నాడు కృష్ణయ్య.

"ఇంకో పాట అందుకో అన్నా."

"ఉన్నయన్ని అయిపోయినయి."

"పాతయి లేవా? ఏదన్న అందుకో." ఓదెలు ఆయన ముఖం చూడకుండానే వెళ్ళిపోయాడు.

తన పెళ్ళినాడు కట్టిన పాట అందుకున్నాడు కృష్ణయ్య. నాటకానికీ దానికీ సంబంధమే లేదు. అయినా ఆడవాళ్ళు గొంతు కలిపారు. కాసేపటికి షెడ్డంతా పాడింది. ఆయన ప్రాణం లేచి వచ్చింది.

"ఇప్పుడన్న చెప్పుండ్రి, దొంగెవరు?" అన్నాడు గుండయ్య.

"నువ్వే! కానిస్టేబులే దొంగ!"

తెర సందులోంచి చూశాడు కృష్ణయ్య. ముందు వరసలో పాల మాణిక్యమ్మ. ఇంటి దగ్గర పన్నెండు బర్రెలు. పాలు పిండే పొద్దు దాటినా కదల్లేదు. ఆమె పక్కన తన భార్య సుందరమ్మ. నాలుగు నెలలు రోజూ పొయ్యి దగ్గర కూర్చొని నాటకంలో ప్రతి మాటా విన్న మనిషి. ఆ 'కుయ్' పెట్టమన్నదే ఆమె.

గుండయ్య కూడా ఆమెనే చూశాడు. "వదినె, నువ్వన్న చెప్పు. దొంగెవరు?"

సుందరమ్మ లేచి నిలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందనుకున్నాడు కృష్ణయ్య.

"నాకు తెల్వదు" అంది. "మొదటికెల్లి మళ్ళొకసారి పాడుండ్రి."

కృష్ణయ్య చేతులు హార్మోనియం మీంచి జారిపోయాయి. పాటలతో లోకాన్ని మారుస్తానని ఒకప్పుడు అనుకున్నాడు. అది కాలేదు. పోనీ నవ్విస్తాననుకున్నాడు. కట్టుకున్నదానికి కూడా అర్థం కాని నాటకం రాశాడు. ఇక జన్మలో కలం పట్టకూడదు.

తెర పక్కకు లాగి వేదిక మీదికి వచ్చాడు.

"వద్దన్నా, లోపటికి పో" అంటూ ఓదెలు అడ్డం వచ్చాడు. కృష్ణయ్య వాడి అంగీ పట్టి పైకి లాగాడు. పొట్టకు కట్టిన చెక్కపెట్టె బయటపడింది.

"వీడే దొంగ. గింత సేపు సూసిండ్రు, గిది కనవడలేదా?" జనం వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీ తప్పు కాదు. నాకే రాయ రాలేదు. మాఫ్ చేయుండ్రి. నాటకం ఖతం. ఇండ్లకు పోండ్రి."

చప్పట్లు లేవు. ఒక్కరూ లేవలేదు. గుండయ్య టోపీ తీసేశాడు.

సుందరమ్మ వేదిక మీదికి పరుగెత్తుకొచ్చి ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"గంత తొందరేంది నీకు?" అంది.

మొదటి పాట నడుస్తుండగానే వచ్చి షెడ్డు రెండు తలుపుల బయటా కాపు కాసిన పోలీసులు, లొల్లి చెయ్యకుండా కూర్చుంటే నాటకం ఖతమయ్యేదాకా కృష్ణయ్య చేతులకు బేడీలు వేయబోమని జనానికి మాటిచ్చారు.