మరో బడి

"మీ మనవడి మేలు కోరే చెబుతున్నానండీ ఎర్నెస్టీన్ గారూ, వాడికి మరో బడి నప్పుతుంది," అని ప్రిన్సిపాల్ డెల్ఫీన్ కరుణామూర్తియై సెలవిచ్చింది.

డెట్రాయిట్‌లో పేద నల్లపిల్లల ఉద్ధరణకై వెలసిన, సర్కారు సొమ్ముతో ప్రైవేటువాళ్లు నడిపే ఆ చార్టర్ బడిలో రాష్ట్ర పరీక్షలు వచ్చే వారమే. చదవడం రాని ఆ మనవడు డేమన్ పరీక్షకు కూర్చుంటే బడి సగటు మార్కులకు మచ్చ తప్పదు.

"ఏ బడి తల్లీ?"

"మీ వీధి చివర సర్కారు బడి ఉందిగా."

"అది నరకమని మా గుమ్మంలో నిలబడి చెప్పి, వీణ్ణి లాక్కొచ్చింది నువ్వేగా?"

"ఇప్పుడు బాగుపడిందటండీ."

ఎర్నెస్టీన్ నవ్వింది. "బాగుపడ్డమా! పిల్లలందర్నీ మీరే తోలుకొచ్చారని నిరుడే మూసేశారు. కిటికీలకి చెక్కలు కొట్టారు."

డెల్ఫీన్ బదిలీ కాగితాన్ని ముందుకు జరిపింది.

"పర్లేదండీ. చేరే బడి పేరు ఖాళీగా వదిలేసి సంతకం పెట్టండి."