ఎల్లాజీ ఒంట్లో చక్కెర

ఆ కాలానికి మనిషి ఎక్కడున్నా, అతని ఒంట్లో ఎంత చక్కెర ఉందో ఇంట్లో అద్దం మీద కనిపించేది. భీమిలి దగ్గర పల్లెలో పోలమ్మ తెల్లవారినప్పటి నుంచీ ఆ అద్దం ముందే కూర్చుంది. పడవ తిరగబడి, ఆమె భర్త ఎల్లాజీ నడిసముద్రంలో ఒక చెక్క పట్టుకుని తేలుతున్నాడు. కాపాడే ఓడ సాయంత్రానికి గాని చేరదు.

నిన్న తిన్న అన్నంలోంచి కాలేయం దాచుకున్న చక్కెర తాలూకు గీత, తగ్గి తగ్గి మధ్యాహ్నానికి అడుగంటింది.

“అయిపోనాది! మీ అయ్యకింకేటుందే?” అని పోలమ్మ గుండెలు బాదుకుంది.

“రగతంలో సక్కెర గీత సూడమ్మా,” అంది నర్సు చదువుతున్న కూతురు కాంతం. “కాలేయం కొత్తగా సక్కెర తయారుసేత్తంది. కొవ్వు కరిగి కండలకి బలమిత్తంది. ఉన్న సక్కెర మెదడుకి మిగుల్తంది.”

పోలమ్మ చూసింది. ఆ గీత సన్నగా వణుకుతోంది గాని పడిపోవడం లేదు. తిండి లేని మనిషికి లోపలి నుంచి ఎవరో కొసరి కొసరి తినిపిస్తున్నట్టుంది. ఇన్నేళ్లు వండిపెట్టిన తనకే ఆ ఒడుపు తెలియదు.

పొద్దు వాలుతుండగా ఓడ నుంచి ఫోను వచ్చింది. ఎల్లాజీ గొంతు బొంగురుపోయి ఉంది.

“పోలీ, ఈల్లు టీలో పంచదార తక్కువేసినారే!”

“ఉన్నదే తాగు మావా,” అంది పోలమ్మ, ఏడుస్తూనే నవ్వుతూ.