గోరింక వెతికిన గింజ

చుక్కి అనే లేడి ఉండేది. దాని తల్లీ, అమ్మమ్మా ఇద్దరూ పొదుగులో లేచిన గడ్డతోనే పోయారు. అప్పటినుంచి చుక్కి, ఒంటిమీద పిడుదులేరే ముసలి గోరింకను దగ్గరికి రానిచ్చేది కాదు.

“మా ఇంటి రాత ఇంతే అత్తా! గడ్డ కోసం వెతికి ఏం లాభం?” అంది.

గోరింకకు ఒళ్లు మండింది. “మీ అమ్మా ఇలాగే దాచింది. వెలక్కాయంత అయ్యాక చూపిస్తే నేనేం చేసేది? గడ్డ లేచే గుణం నీకూ వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. వచ్చినా వచ్చేది గుణమే, గడ్డ కాదే పిచ్చిదానా! జొన్నగింజంత ఉన్నప్పుడే దొరికితే ముక్కుతో పెరికి పారేస్తాను.”

చుక్కి పక్కకు ఒరిగింది. గోరింక పొదుగంతా వెతికి, “ఇవాళ్టికేం లేదు. వానలు పడ్డాక మళ్లీ చూస్తా,” అంది.

చుక్కి లేచి ఒళ్లు విదిలించుకుని పొదల్లో నక్కి చూస్తున్న చెల్లెలిని కేకేసింది. “చెల్లీ, ఇలా రా, నువ్వూ చూపించుకో! భయమేస్తే నా పక్కనే పడుకుందువుగాని.”