రెండు కోప్లాండ్ రోడ్లు

“మూడు నిమిషాలేనమ్మా. ఎర్రలైటు వెలిగిందంటే మాట మధ్యలో ఉన్నా ఆపెయ్యాలి. పేరు, అడ్రసు చెప్పండి,” అన్నాడు కౌంటీ కమిషన్ చైర్మన్ గ్లెన్ స్టౌఫర్, కాఫీ కప్పులోంచి తలెత్తకుండానే.

“పేరు లావన్ టిస్‌డేల్. అడ్రసు ఎప్పుడూ చెప్పేదే. నాలుగొందల పద్ధెనిమిది, పాత కోప్లాండ్ రోడ్డు.”

పక్క బల్ల దగ్గర ఫైళ్ళ వెనక కూర్చున్న రస్సెల్ తల దించుకున్నాడు. అతను కౌంటీ ప్లానింగ్ ఆఫీసరుగా చేరి ఏడాది కాలేదు. ఆమె ఈ మైకు ముందుకి రావడం అతను చూస్తూండగా ఇది ఆరోసారి. అరవై దాటిన మనిషి, అదే నీలం స్వెట్టరు, అదే మాట. ఏ రోడ్డు వెడల్పు చెయ్యాలి, ఫైర్ స్టేషను ఎక్కడ కట్టాలి, కమ్యూనిటీ హాలుకి కొత్త కప్పు ఎప్పుడు వెయ్యాలి అని రాసుకున్న ఇరవై ఏళ్ళ ప్లానుకి ఇవాళే ఓటు. ఓటు పడ్డాక పదేళ్ళదాకా అందులో అక్షరం మారదు. ఆమె అడుగుతున్నది మాత్రం ఒక్కటే, పాత కోప్లాండ్ రోడ్డుకి వేరే పేరేదైనా పెట్టమని.

నలభై ఏళ్ళ కిందట కౌంటీవాళ్ళు కోప్లాండ్ రోడ్డు వంకర తీసి, తిన్నగా కొత్త రోడ్డు వేశారు. పేరు పట్టుకెళ్ళి కొత్తదానికిచ్చారు. వాగు వెంట మిగిలిన వంకర ముక్కకి ‘పాత’ అని తగిలించి చేతులు దులుపుకున్నారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు తమ రోడ్డుని పాతదని ఎందుకంటారు? వాళ్ళ నోట అది ఇప్పటికీ ఉత్త కోప్లాండ్ రోడ్డే. పైగా ఇంటి నంబర్లు రెండిటికీ అవే.

“మూడేళ్ళ కిందట, అక్టోబరు తొమ్మిది,” అంది లావన్. చేతిలో కాగితం ఉంది గానీ దాని వంక చూడటంలేదు. “మధ్యాహ్నం రెండూ పద్నాలుగుకి ఫోను. ఆయన వంటింట్లో కుప్పకూలిపోయారు. అడ్రసు నాలుగొందల పద్ధెనిమిది, కోప్లాండ్ రోడ్డు అన్నారు. రెండూ పదహారుకి అంబులెన్సు బయల్దేరింది. రెండున్నరకి చేరింది కూడా. ఎక్కడికి చేరిందంటే, కొత్త రోడ్డుకి. అక్కడ ఆ నంబరు మొక్కజొన్న గోడౌనుది. ఇద్దరు మనుషులు స్ట్రెచరు పక్కన పెట్టుకుని, తాళం వేసిన రేకు తలుపు బాదుతూ నిలబడ్డారు.”

“అవన్నీ రికార్డులో ఉన్నాయమ్మా.”

“లెక్కపెట్టడం రికార్డులో లేదండీ. ఛాతీ మీద నొక్కడం, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టడం. చేతులు పడిపోతున్నా ఆపలేదు. ఫోను పెట్టెయ్యలేదు. అంబులెన్సు వాగు దాటి వచ్చేసరికి రెండూ యాభై ఎనిమిది. ఆయన అప్పటికే పోయారు.”

స్టౌఫర్ కప్పు కింద పెట్టాడు.

“మీ బాధ మాకర్థం కాకపోలేదు. కానీ ఆ రోడ్డు మీద నలభై ఒక్క ఇళ్ళున్నాయి. లైసెన్సులు, దస్తావేజులు, ఉత్తరాలు, అన్నిట్లో అడ్రసు మార్చుకోవాలి. మీ అర్జీ మీద వాళ్ళలో ఒక్కరైనా సంతకం పెట్టారా?”

“లేదు. తలుపు తీసిందే నలుగురు.”

“చూశారా? తాతల నాటి పేరు వదులుకోం అంటున్నారు. కొత్త రోడ్డువాళ్ళనడిగితే వాళ్ళదీ అదే పాట. అసలు అంబులెన్సు కోసం మనం చేసే ఫోన్లెత్తేది మనవాళ్ళు కూడా కాదు, పక్క కౌంటీలో కూర్చుని ఎత్తుతారు. ‘పాతదా, కొత్తదా’ అని ఒక్కమాట అడగాలని ఆ మహాతల్లికి తోచలేదు. ఆవిడ బుద్ధితక్కువకి మేం రోడ్ల పేర్లు మార్చుకుంటూ కూర్చోవాలా?”

“అడగాల్సింది,” అంది లావన్ మెల్లిగా. “రేపు ఇంకొకరికీ తోచదు. అందుకే పేరు మార్చమంటున్నాను.”

ఎర్రలైటు వెలిగింది. ఆమె నోరు మూసుకుంది.

రస్సెల్ ఉండబట్టలేక లేచాడు. “సార్, ప్లానులో ఒక్క లైను చాలు. నేను రాసే ఉంచాను.”

“కూర్చోవయ్యా. నువ్వు కొత్తవాడివి. రోడ్డు మీద గుంటలు పూడ్చకపోయినా ఇక్కడివాళ్ళు ఓర్చుకుంటారు. పేరు జోలికెళితే మమ్మల్ని ఇంటికి పంపిస్తారు.”

కమిషనులో ఉన్నది ముగ్గురు. ముగ్గురూ వద్దన్నారు. అంతా కలిపి అరనిమిషం పట్టలేదు. వెంటనే కమ్యూనిటీ హాలు కప్పు ఎరుపా, ఆకుపచ్చా అన్న చర్చ మొదలైంది. దానికి మాత్రం లైటూ లేదు, నిమిషాలూ లేవు.

రస్సెల్‌కి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. మీటింగు జరుగుతున్న కోర్టు భవనం మెట్ల మీద ఆమెని అందుకున్నాడు. ఆమె రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండుననిపించింది అతనికి.

“పదేళ్ళకి మళ్ళీ తెరుస్తారమ్మా ప్లాను. అప్పుడు...”

“అప్పటికి నేనుంటానా బాబూ? ఈలోగా ఆ వంకరలో ఇంకెవరు పడిపోతారో.”

రస్సెల్‌కి తన చేతకానితనం మీద తనకే రోత పుట్టింది. ఆఖరికి, “నా మాట విని ఆ ఇల్లు ఖాళీ చేసి టౌన్లోకి వచ్చెయ్యండమ్మా. రోజూ ఆ వంటింట్లోనే ఎలా తిరుగుతారు?” అన్నాడు.

లావన్ రెయిలింగు వదిలి అతని వైపు తిరిగింది.

“ఆ ఇంట్లో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు బాబూ. మైకు ముందు చెప్పేది ఆ రోజు నేను అడిగి రాసుకోవాల్సిన అడ్రసు. ఆ ఫోనెత్తింది నేను.”